లప్పం కింది మాట

ముత్తన్న రోజూ పొద్దున్నే షెడ్డు తెరిచి, చాయ్ తాగి, సుత్తె అందుకునేవాడు. నాందేడ్‌లో పాత కార్ల రేకు పని అంటే అతనిదే. పాత రేకును సుత్తెతో తడితే అది ఎప్పుడో విన్న మాటలు మళ్లీ పలికేది. అదెవరికీ వింత కాదు. పోయిన తండ్రి గొంతు వినాలని కొందరు పనయ్యేదాకా స్టూలేసుకుని కూర్చునేవారు.

ఒక సోమవారం శుభాంగి తన తండ్రి బాబురావ్ అంబాసిడర్‌ను ట్రాలీ మీద తెచ్చింది. తొమ్మిదేళ్ల కింద కిన్వట్ రోడ్డు మీద ఆ కారు చెట్టుకు గుద్దుకుని బాబురావ్ పోయాడు. డ్రైవర్ మాణిక్ కునికాడని అందరూ అన్నారు. ఆ తర్వాత అతని చేతికి ఎవరూ బండి ఇవ్వలేదు. మార్కెట్లో బస్తాలు మోస్తున్నాడు.

"మంచిగ చెయ్యి కాకా. నీ పనంటే బాపుకు మస్తు భరోసా ఉండె," అని చెప్పి వెళ్లింది శుభాంగి.

ముత్తన్న కారు కిందికి దూరాడు. వెనక కమాను పట్టీలను పట్టి ఉంచే రేకు చిరిగి వేలాడుతోంది. అది ఊడితే వెనక చక్రాలు పక్కకు జరిగి బండి స్టీరింగుకు లొంగదు. చుట్టూ తుప్పు, తుప్పు మీద లప్పం. ప్రమాదానికి నెల ముందు తను పెట్టిందే. కుళ్లిన రేకు కోసేసి కొత్తది వెల్డింగ్ చేయాల్సింది. పెళ్లిళ్ల రోజులు, బండ్లు వరసలో ఉన్నాయని లప్పం పూసి, రంగు కొట్టి పంపాడు. మాణిక్ ఎదురైనప్పుడల్లా, కునికే ఉంటాడులే అనుకుని తల తిప్పుకున్నాడు.

ఆ ముక్క కోసి పాత ఇనుములో పారేస్తే ఎవరికీ తెలియదు. కట్టర్ ఆనించాడు కూడా. మళ్లీ తీసి పక్కన పెట్టేశాడు.

రెండు రోజులు లోపలే దాచుకుని, భార్య పెంటవ్వకు అంతా చెప్పాడు.

"మాణిక్‌కు ఎరుకేనా?" అని మాత్రం అడిగిందామె.

గురువారం మాణిక్‌ను, శుభాంగిని షెడ్డుకు పిలిచి, ఏమీ చెప్పకుండా రేకు మీద తట్టాడు. ముత్తన్న గొంతే వచ్చింది.

"లప్పం వెట్టి రంగు కొడితే అయిపాయె. లోపల ఎవలు చూస్తరు."

మళ్లీ తట్టాడు. ఈసారి మాణిక్ గొంతు.

"మాలక్, స్టీరింగు ఇంటలేదు, గట్టిగ వట్టుకోండ్రి."

మాణిక్ ఆ రేకు మీద చెయ్యి వేశాడు. "నేను మేలుకొనే ఉన్ననా," అన్నాడు మెల్లగా. "అందరు అంటుంటే నాకు నిజంగనే నిద్రవట్టిందనుకున్న."

శుభాంగి ముత్తన్నను తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

"కొత్త రేకు వెయ్యి. ఈసారి నేను ముంగట కూసొని చూస్త," అన్నది.

పదిహేను రోజులు వచ్చి కూర్చుంది. కారు సిద్ధమయ్యాక మాణిక్‌కు కబురు పెట్టింది. అతను అరచేతులు లుంగీకి తుడుచుకుని స్టీరింగు పట్టాడు. శుభాంగి వెనక కాదు, ముందు సీట్లో అతని పక్కన కూర్చుంది.

"కిన్వట్ తొవ్వనే పోనియ్యి, అన్నా," అన్నది.

కారు గేటు దాటేదాకా ముత్తన్న తల ఎత్తలేదు.