షేరు కూర్చునే తీరు

“గది గట్ల వంకరగ ఎందుకు కూసున్నది?” అని మస్కట్ నుంచి ప్రభాకర్ వీడియో కాల్‌లో అడిగాడు.

నీల ఒళ్ళో బీడీల చాట ఉంది. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపుండ. ఎడమకాలు మడిచి, కుడికాలు పక్కకు వాల్చి, పొద్దున ఆరింటి నుంచి ఆమె కూడా వంకరగానే కూర్చుని ఉంది. ఒక్క క్షణం మొగుడు తన సంగతే అడుగుతున్నాడనుకుంది. పిచ్చిది కాకపోతే! పన్నెండేళ్ళ కాపురంలో ఒక్కసారీ అడగనివాడికి ఇవాళ ఎందుకు గుర్తొస్తుంది?

“ఫోన్ షేరు దిక్కు తిప్పు. ఎనుక నుంచి చూపెట్టు. ఆఁ, గిప్పుడు పక్కనుంచి.”

షేరు నాలుగు నెలల లాబ్రడార్ పిల్ల. ప్రభాకర్ దోస్తుకు చెప్పి కరీంనగర్ నుంచి కోరుట్లలోని ఇంటికి పంపించాడు, పేరు కూడా ఫోన్‌లోనే పెట్టాడు. పాలు కాచడం, గుడ్లు ఉడకబెట్టడం, పెంట ఎత్తడం, స్నానం పోయడం నీల వంతు. కుక్క ఆయనది, చాకిరీ ఈమెది. పాపం దాని తప్పేముంది? ఎదిగే పిల్ల, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో దానికింకా తెలియదు. కాసేపు వెనకకాళ్ళు రెండూ ఒకే పక్కకు పడేసి కూర్చుంటుంది. కాసేపు గోడకు వీపానించి, పొట్ట బయటపెట్టి, దుకాణంలో షావుకారులాగా కాళ్ళు బారజాపుతుంది. ఇంకాసేపు కప్పలా బోర్లా పరుచుకుంటుంది.

“సూడు సూడు, మనిషి లెక్క కాళ్ళు సాపింది నా బంగారం!” అని అత్త లింగవ్వ మురిసిపోతుంది. అదే లింగవ్వ, నీల నడుము పట్టేసి కాస్త కాళ్ళు చాపిందంటే చాలు, “వాకిట్ల గట్ల కాళ్ళు సాపుతవేందే, ఆడిదానివేనా?” అంటుంది.

అసలు లింగవ్వ ఈ ఇంటికి కోడలిని తెచ్చుకున్నదే కూర్చోబెట్టి చూసి. నీల పుట్టినూరు బీర్పూర్‌కు పిల్లను చూడ్డానికి వచ్చిన రోజు, చాయ్ తాగి, “సదువు ముచ్చట తర్వాత. ముందుగాల చాట తెమ్మను” అంది. ఈ దిక్కు సంబంధాల్లో అది మామూలే. ఇంటర్ పాసైన నీల కొత్త చీరలో గచ్చు మీద కూర్చుని, మగపెళ్ళివాళ్ళ ముందు అరగంట బీడీలు చుట్టింది. లింగవ్వ ఒక బీడీ తీసి, వేళ్ళతో నొక్కి, “చెయ్యి సాఫుగున్నది” అని తలూపింది. చెయ్యి చూశారంతే. ఆ చెయ్యి వెనక ఒక నడుము ఉంటుందని, ఒక తుంటి ఉంటుందని, ఒక మనిషి ఉంటుందని ఎవరూ చూడలేదు.

ఆ తుంటి మూడేళ్ళుగా పీకుతోంది. లేవాలంటే గోడ పట్టుకోవాలి, మెట్టెక్కాలంటే పళ్ళు బిగబట్టాలి. మొగుడికి చెబితే, “కూసోని చేసే పనికి నొప్పేందే? నేనిక్కడ ఎండల నిలవడి చేస్తలేనా?” అన్నాడు. అత్తకు చెబితే, “నేను నలభై ఏండ్లు చేసిన, నాకేమన్న అయిందా?” అంది. కట్టె ఊతం లేకుండా వాకిలి దాటలేని ముసలమ్మ అన్న మాట అది! నవ్వాలో ఏడవాలో నీలకు తెలియలేదు.

షేరు విషయానికొచ్చేసరికి అంతా ఆగమాగం. ప్రభాకర్ రాత్రింబవళ్ళు వీడియోలు చూశాడు. నున్నటి బండల మీద కాళ్ళు జారితే లాబ్రడార్ పిల్లలకు తుంటి కీళ్ళు పాడవుతాయట. నాలుగు రోజుల్లో కొరియర్‌లో రబ్బరు చాప దిగింది. అవే బండల మీద నీల పన్నెండేళ్ళుగా మడతపెట్టిన పాత దుప్పటి వేసుకుని కూర్చుంటోంది. కుక్క వాకిట్లో ఆడుకుంటోంది కదా అని ఒకరోజు ఆ చాప మీద చాట పెట్టుకుంది. ఎంత హాయి! అప్పుడే ఫోన్ మోగింది. ప్రభాకర్ చూశాడు.

“గది షేరుకు తెప్పించిన. తంబాకు పడితె దానికి మంచిది గాదు. లెవ్వు.”

నీల లేచింది. అనగానే, గోడ పట్టుకుని లేచింది. అలా లేచినందుకు ఆమెకు తన మీద తనకే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

“గిట్ల కాదు, రేపే జగిత్యాల తీస్కపో. ఎక్స్‌రే తీపియ్యి” అని ఆర్డరేశాడు ప్రభాకర్. మర్నాడు కుక్కను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో జగిత్యాల వెళ్ళింది.

పశువుల డాక్టరు దీప షేరును అటూ ఇటూ నడిపించింది, తొడలు తడిమింది, కాళ్ళు మెల్లగా చాపి మడిచింది. షేరు ఆమె చెయ్యి నాకింది.

“ఏం భయం లేదమ్మా. ఎదిగేటప్పుడు ఎముకలు ముందు సాగుతయి, కండలకు బలం తర్వాత వస్తది. అందుకే ఇట్ల తిక్కతిక్కగ కూసుంటయి. పెద్దయితె చాలావరకు అదే సర్దుకుంటది. కుంటినా, లేవడానికి తిప్పలపడ్డా, మెట్లెక్కకున్నా అప్పుడు తీసుకురండి, ఎక్స్‌రే తీద్దాం.”

కుంటడం. లేవడానికి తిప్పలు. మెట్లు. నీల కుర్చీలోంచి లేవబోతూ టేబుల్ అంచు పట్టుకుంది.

“మీకెప్పటినుంచి?” అంది దీప.

“ఏందమ్మా?”

“ఆ తుంటి. ఒక్కదిక్కే బరువేసి కూసున్నరు, పట్టుకోని లేస్తున్నరు. నేను పశువుల డాక్టర్‌ని, మీకు మందు రాయరాదు. కానీ చూపించుకోండి. ఇదే రోడ్డుల ఎముకల డాక్టరున్నడు.”

మూడేళ్ళలో మొదటిసారి ఒక మనిషి అడిగింది. అదీ కుక్కను చూడబోయి! నీలకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది.

బయటికి రాగానే ఫోన్ మోగింది.

“షేరుకు మంచిగనే ఉన్నది. ఎక్స్‌రే అక్కర లేదన్నది” అంది నీల.

“గా డాక్టర్‌కు ఏం తెల్సు? కరీంనగర్ తీస్కపో. ఎంతయినా పర్వాలేదు.”

“దాన్ని తీస్కపోను. నేను చూపెట్టుకుంట. నా తుంటికి.”

“నీకేమైందే?”

“మూడేండ్ల సంది మొత్తుకుంటున్న. నీ కుక్క పది దినాలు వంకర కూసుంటె నీకు నిద్ర పట్టలే. నేను పన్నెండేండ్లు కూసున్న, నీ కండ్లకు ఆనలే.”

“ఛీ, కుక్కతోని వంతులేందే నీకు?”

“వంతులు గాదు. దానికి పెట్టిన కండ్లే నాకూ పెట్టమంటున్న. పెట్టకున్నా సరే, నాకు రెండు కండ్లున్నయి.”

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ మోగింది. ఈసారి లింగవ్వ. ఇవాళ కార్ఖానాలో బీడీలు అప్పజెప్పాలి, చాటలో పని అట్లనే ఉంది, ఎక్కడ చచ్చినవని కేకలు.

“నేనొచ్చేసరికి ఆల్చమైతది అత్తా. మిగిలినయి నువ్వు చుట్టు” అని, ఫోన్ మొత్తానికే బంద్ చేసి కొంగున ముడేసింది.

ఎముకల దవాఖానా మెట్లు ఏడు. కమ్మీ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కింది. షేరు ఆమె కంటే ముందు గబగబా ఎక్కి, పైమెట్టు మీద కాళ్ళు పక్కకు పడేసి కూర్చుంది. దాని గొలుసు తలుపు పక్కన కమ్మీకి కట్టి లోపలికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఎన్ని దవాఖానాలు తిరగలేదు? అత్త కంటి ఆపరేషన్‌కు, మొగుడి గల్ఫ్ మెడికల్‌కు, మరిది విరిగిన కాలికి. ప్రతిసారీ సంచీ పట్టుకుని వెంట వచ్చిన మనిషి ఆమె.

కౌంటర్ దగ్గరి అమ్మాయి తలెత్తకుండానే చీటీ రాస్తూ అడిగింది.

“పేషెంటు ఎవలు? ఎంబడి ఎవలచ్చిన్రు?”

“పేషెంటును నేనే,” అంది నీల. “ఎంబడి కుక్కచ్చింది.”