పన్నెండు పళ్ల గీత

తనిఖీ మాస్టారికి అనుమానం పుట్టుకతో వచ్చిన రోగం. రిటైరయ్యాక అదే ఉద్యోగమైంది. ముప్పై ఏళ్లు వైద్య పరికరాల ఇంజనీరింగు పాఠాలు చెప్పి, ఇప్పుడు కాలేజీల నాణ్యత తేలుస్తూ తిరుగుతున్నారు. "పెళ్లి ఫొటోలో నన్ను కూడా అసలా నకలా అని చూసిన మహానుభావుడు" అని భార్య దెప్పుతుంటుంది.

ఈసారి వచ్చింది రెండు దేశాల కాలేజీలు కలిసి నడిపే పీజీ కోర్సుకి. ఆయన సంతకం పెడితే ఐదేళ్ల గుర్తింపు. పెట్టకపోతే ఇక్కడి డిగ్రీ సరిహద్దు దాటదు, కోర్సే గేటు దాటుతుంది.

కోఆర్డినేటరమ్మ బల్ల నిండా ఫైళ్లు పేర్చింది. హాజరు నూటికి నూరు, విద్యార్థుల మెప్పు ఐదుకి ఐదు. మాస్టారికి ఒళ్లు జలదరించింది. ఇంత శుభ్రంగా ఉందంటే ఎవరో ఇప్పుడే తుడిచారన్నమాట.

"కాఫీ తీసుకోండి సార్."

"ముందు గుండెలు తియ్యండమ్మా."

ఆవిడ గుండె జారింది. ఆయన అడిగింది ఈసీజీ ల్యాబు రిపోర్టుల్ని. విద్యార్థులు ఎవరి గుండెకి వాళ్లే గ్రాఫు తీసి రాసినవి, మొత్తం పన్నెండు.

మాస్టారు భూతద్దం తీశారు. గోడలోని కరెంటు ఇక్కడ సెకనుకి యాభైసార్లు ఊగుతుంది. ఆ రెండో దేశంలో అరవై. ఆ ఊపు గ్రాఫులోకి కాస్త కారి, గీత మీద రంపపు పళ్లలా పడుతుంది. గ్రాఫు కాగితం మీద పెద్ద గడంటే సెకనులో ఐదో వంతు. ఇక్కడ తీసినదైతే గడికి పది పళ్లుండాలి.

లెక్కపెట్టారు. పన్నెండు. ఇంకోటి తిప్పారు. పన్నెండు. పదకొండు రిపోర్టుల్లోనూ అంతే.

"ఈ గుండెలు ఎక్కడ కొట్టుకున్నాయమ్మా?"

"మన ల్యాబులోనే సార్!"

"గుండె ఇక్కడ, కరెంటు అక్కడా? అంత పొడుగు వైరు ఎవరు లాగారు?"

మాస్టారు ఆఖరిది తిప్పారు. పన్నెండో రిపోర్టులో గ్రాఫే లేదు, మూడు ముక్కలున్నాయి: కేబులు తెగింది. రెండుసార్లు చెప్పాను. గీత రాలేదు. కింద ఎర్రసిరాతో సున్నా.

"మార్కు వెయ్యాల్సిన చోట మరక వేశారేం?"

"తనిఖీ తేదీ ముంచుకొచ్చింది సార్. కొత్త కేబులు రాలేదు. ఆ దేశం కాలేజీ వాళ్ల గ్రాఫులు మనకీ అందుబాటులో ఉంటాయి కదా, పిల్లల్ని వాడుకోమన్నాను. ఈ పిల్ల మాత్రం 'అది నా గుండె కాదు మేడమ్' అని మొండికేసింది."

"ఇప్పుడొచ్చిందా కేబులు?"

"నిన్న. ఇంకా పెట్టె విప్పలేదు."

"విప్పండి. మీ గుండే పెడదాం."

ల్యాబులో ఆవిడ మణికట్లకి క్లిప్పులు పెట్టించారు. "కదలకండి, గీత చెదురుతుంది." మిషను కాగితం కక్కింది. గుండె గుర్రంలా పరిగెడుతోంది కానీ, గడికి పళ్లు పదే.

"గుర్తింపంటే గుర్తు ఇంపుగా ఉండటం కాదమ్మా," అంటూ మాస్టారు రాసుకుపోయారు. గుర్తింపు ఆరునెలలు ఆపడమైనది. పదకొండుమందీ ప్రయోగం మళ్లీ చెయ్యాలి. పన్నెండో రిపోర్టు జతపరచడమైనది.

"అదెందుకు సార్?"

"అది లేకపోతే కోర్సు ఇవాళే మూయించేవాణ్ణి. ఇక్కడ ఎవరో ఏదో నేర్చుకున్నారనడానికి నాకు దొరికిన సాక్ష్యం అదొక్కటే."

ఆవిడ కాసేపు ఆ సున్నా కేసి చూసింది. తర్వాత క్లిప్పు పెట్టిన చేత్తోనే పెన్ను తీసుకుని దాన్ని కొట్టేసింది. చెయ్యి కదిలేసరికి మిషను మీద గీత ఎగిరిపడింది.

"అయ్యో, పాడైపోయింది సార్. చింపేసి ఇంకోటి తీస్తాను."

"చింపకండి," అన్నారు మాస్టారు, కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుంటూ.