పద్నాలుగు పెట్టెల జీపు

నేను ఒక జీపుని. కొత్తదాన్ని కాను. నన్ను చూడవచ్చినవాళ్లందరూ మొదట అడిగేది అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. నా రంగు ఒకప్పుడు ఆకుపచ్చ. ఇప్పుడు ఎండిన గోరింటాకు పొడిలా ఉంటుంది. కుడివైపు తలుపు గట్టిగా లాగితే గాని పడదు. వెనక చెక్కపలకలు, పైన టార్పాలిన్.

పడమటి వైపు పెద్ద ఊళ్లో ఒక కార్ఖానాలో పుట్టాను. మామూలు బండ్లలో ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. మా జాతికి కావాలనుకుంటే నాలుగింటికీ అందుతుంది. అందుకు రెండు పనులు చెయ్యాలి. ముందు కిందికి దిగి, ముందు చక్రాల నడుమ ఉన్న గుండ్రటి బిళ్లలను చేత్తో తిప్పాలి. తరవాత లోపలికొచ్చి డ్రైవరు పక్కనున్న చిన్న కడ్డీ లాగాలి. పొయ్యి వెలిగించాలంటే సిలిండరు దగ్గరా తిప్పాలి, పొయ్యి దగ్గరా తిప్పాలి కదా, అలాంటిదే. ఒకటి తిప్పి ఇంకొకటి మరిచిపోయి, పొయ్యి చెడిపోయిందనే ఇల్లాలిని ఎక్కడా చూడం. కానీ జీపుల విషయంలో అలా అనే మగవాళ్లను నేను చూశాను.

నా మొదటి యజమాని కొండల్లో కరెంటు స్తంభాలు నాటించే కాంట్రాక్టరు. కొన్నది ఆయనే గాని, నన్ను ఎరిగినవాడు ఆయన డ్రైవరు ముత్యాలు. బురద మొదలయ్యే చోట నన్ను ఆపి, లుంగీ ఎగగట్టి, ఎడమ చక్రం దగ్గర ఒకసారి, కుడి చక్రం దగ్గర ఒకసారి వంగేవాడు. “పద తల్లీ, ఇంక నీ ఇష్టం” అనేవాడు. తారురోడ్డు రాగానే దిగి రెండు బిళ్లలూ వెనక్కి తిప్పేవాడు. పన్నెండేళ్లలో ఒక్కసారీ మరిచిపోలేదు. అలాంటివాళ్లతో ఒక చిక్కుంది. వాళ్లు చేసే పని ఎంత సులువుగా కనిపిస్తుందంటే, అదొక పనని పక్కవాళ్లకు తోచదు. చూపు మందగించి ఇంటికి వెళ్లిపోతూ ముత్యాలు తాళంచెవి అప్పగించాడు. బిళ్లల సంగతి ఎవరూ అడగలేదు. చెప్పాలని ఆయనకూ తోచలేదు. అన్నం ఎలా కలుపుకోవాలో ఎవరికైనా చెబుతామా?

తరవాత విశాఖపట్నంలో సెల్‌ఫోన్ల దుకాణం ఉన్న లోహిత్ అనే కుర్రాడు నన్ను కొన్నాడు. తలుపు మీద పులిబొమ్మ అంటించాడు. ముందు ఆరు లైట్లు పెట్టించాడు. ఒక ఆదివారం స్నేహితులను ఎక్కించుకుని భీమిలి దగ్గర ఇసకలోకి దించాడు. చిన్న కడ్డీ ఠీవిగా లాగాడు గాని కిందికి దిగలేదు. నా ముందు చక్రాలు చేతులు కట్టుకుని కూర్చున్నాయి. వెనక చక్రాలు ఇసకలో గోతులు తవ్వుకున్నాయి.

“ఫోర్ వీల్ వేశాన్రా! చూడు, కడ్డీ ఇక్కడే ఉంది!”

“నాలుగూ తిరుగుతాయన్నావు, తిరిగింది మా బుర్రలేరా!”

చివరికి వలలు ఆరేసుకుంటున్న జాలర్లు వచ్చి నన్ను తోశారు. మర్నాడు ఒక మెకానిక్కు నా పొట్ట విప్పి, మూసి, నిట్టూర్చి “లోపల పళ్లు పోయాయి సార్, ఫోర్ వీల్ పనిచెయ్యదు” అన్నాడు. నాలుగేళ్లు ఊళ్లో తిప్పి లోహిత్ నన్ను అమ్మేశాడు. ఆ మాట మాత్రం నా వెంటే వచ్చింది. మనుషులు ఒకరి గురించి ఒకసారి ఒక మాట అనేశాక మళ్లీ సరిచూసుకునే కష్టం పెట్టుకోరు. బండ్ల గురించీ అంతే.

అనకాపల్లి అవతల పాత బండ్లు అమ్మే ఒక చోట, దాని యజమాని బంగార్రాజు నన్ను మూలకు నిలబెట్టాడు. అయిదు నెలలు అక్కడే ఉన్నాను. పాత బండి కొనడానికొచ్చిన ప్రతి మగవాడూ ముందు టైరును కాలితో తన్నేవాడు. దాంతో ఏం తెలుస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్టోబరు చివర్లో ఒక ఉదయం ఒక జంట స్కూటరు మీద వచ్చింది. వెనక ఒక చెక్కపెట్టె కట్టి ఉంది. ఆయన పేరు కూర్మారావు, ఆవిడ సత్యవేణి.

“పెట్టి తెచ్చినారేటి బావుగారూ? బండికి సారెట్టీడానికా?” అన్నాడు బంగార్రాజు.

కూర్మారావు నవ్వాడు గాని ఆ నవ్వు కళ్లదాకా రాలేదు. “తేనీగల పెట్టి బాబూ. ఇది ఖాళీదిలే” అంటూ సంగతి చెప్పాడు. కింద పల్లంలో పూలన్నీ అయిపోయాయి. పైన అరకు వైపు కొండల మీద వలిసె అనే నూనెగింజల చేలకు పూత మొదలైంది. ఈగలను పెట్టెలతో సహా అక్కడికి చేర్చాలి, లేకపోతే ఆకలికి చచ్చిపోతాయి. నిరుడు అద్దె వ్యానులో తీసుకెళ్లారు. తారురోడ్డు అయిపోయాక రెండు మైళ్ల మట్టిదారిలో అది దిగబడిపోయింది. మూసిన పెట్టెలు ఎండలో ఉండిపోయాయి. లోపల మైనం కరిగి, తేనె కారి, ఈగలు అందులోనే మునిగిపోయాయి.

“ఇరవైలో ఆరు పోనాయి. పద్నాలుగున్నాయి. ఈ పాలి అవీ పోతే…”

“పోవు” అంది సత్యవేణి. “బండ్లు సూపించండి.”

బంగార్రాజు మొదట ఎర్ర జీపు చూపించాడు. నా పక్కనే ఉండేది. అద్దంలా మెరిసేది. కూర్మారావు మనసు అక్కడే పోయింది. సత్యవేణి మాత్రం చీర కుచ్చెళ్లు ఒడిసిపట్టి కూర్చుని దాని అడుగుకేసి చూసింది.

“పైన సీటు సిరిగుంది, అడుగున కొత్త నలుపేటి? ఇంట్లో ఎవులైనా ముందు మంచం కిందే సున్నం ఏస్తారా?”

తల్లోంచి పిన్ను తీసి గీకితే తుప్పు అప్పడంలా పెళ్లలుగా ఊడివచ్చింది. “అదేటో సిన్న మచ్చమ్మా” అన్నాడు బంగార్రాజు. ఆవిడ ఖాళీ పెట్టెలో చట్రాలు సర్ది, ఎర్ర జీపు వెనక పెట్టి, తానూ పక్కన కూర్చుంది. ఈ చట్రాలకే ఈగలు మైనం కట్టుకుంటాయి. గోతుల మీదుగా ఒక చుట్టు తిప్పమంది. చట్రాలు ఒకదానికొకటి కొట్టుకుని టకటకలాడాయి.

“దీని స్ప్రింగు బద్దీలు మరీ బిర్రు. ఇన్ని దెబ్బలకి రాణి నలిగిపోద్ది. రాణి పోతే పెట్టి పోయినట్టే.”

“రంగు బావుంది కదే” అన్నాడు కూర్మారావు మెల్లిగా.

“బావుంది. ఈగలు రంగు సూసి ఎక్కవు కదండీ.”

తరవాత నా వంతు వచ్చింది. నా బద్దీలు వయసుతో మెత్తబడ్డాయి. ఆ గోతుల మీదనే నడిచాను. చట్రాలు ఒక్కసారి కదిలి ఊరుకున్నాయి. ఆవిడ పెట్టె మీద చెయ్యి వేసి కొంచెంసేపు అలాగే ఉంది. నాకు ఆశ పుట్టింది. సరిగ్గా అప్పుడే బంగార్రాజు పాత పాట ఎత్తుకున్నాడు.

“నిజం సెప్పాలి కదమ్మా. దీనికి ఫోర్ వీల్ పన్జెయ్యదు. రోడ్డుకైతే బంగారం.”

“ఎవులు సెప్పినారు?”

“అందరూ.”

“ఎవులు సూసినారు?”

ఆవిడ నా ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది. ముత్యాలు తరవాత అక్కడ కూర్చున్న మనిషి ఆవిడే. బిళ్ల మీద గట్టిపడిన మట్టిని పిన్నుతో గీకింది. ఒక పక్క ఫ్రీ అనీ, ఒక పక్క లాక్ అనీ అక్షరాలు బయటపడ్డాయి. నడుమ ఒక బాణం.

“ఇదేటి?”

“డిజైనమ్మా.”

“డిజైనుకి బాణమెందుకు?”

తిప్పబోతే బిళ్ల కదల్లేదు. కిరసనాయిలు అడిగి రెండు చుక్కలు పోసి, ఊరగాయ జాడీ మూత తీసినట్టు గుడ్డ పెట్టి పట్టుకుంది. కటుక్కుమంది. రెండో పక్క వెళ్లి అదీ తిప్పింది. “ఇప్పుడు ఆ సిన్న కడ్డీ లాగండి” అంది భర్తతో.

వెనకాల వాననీళ్లు నిలిచి చిత్తడిగా ఉన్న జాగాలోకి కూర్మారావు నన్ను దించాడు. నాలుగేళ్లకు నా ముందు చక్రాల్లోకి బలం వచ్చింది. తిమ్మిరెక్కిన కాలు వదిలినప్పుడు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. బురదలోంచి నడుచుకుంటూ అవతలి గట్టెక్కాను.

బంగార్రాజు నోరు తెరిచాడు. “అమ్మా, మరైతే రేటు…”

“పన్జెయ్యదని మీరే సెప్పినారు” అంది సత్యవేణి. “ఆ మాట మీదే కొంటన్నాం.”

మూడో రోజు సాయంత్రం ఈగలన్నీ గూటికి చేరాక పెట్టెల గుమ్మాలకు జాలీలు బిగించారు. తెల్లవారుజామున బయలుదేరాం. నా వెనక పద్నాలుగు పెట్టెలు, వాటి మధ్య సత్యవేణి. ఎండెక్కేలోపు పొలం చేరి గుమ్మాలు తెరవాలి. లెక్క ప్రకారం ఏడున్నరకు తారురోడ్డు చివరికి చేరేవాళ్లమే. కానీ ఘాట్ రోడ్డు మలుపులో ఒక లారీ అడ్డంగా ఆగిపోయి రెండు గంటలు తినేసింది. తారురోడ్డు చివరికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఎండ చురుక్కుమంటోంది. పెట్టెల్లో రొద మారింది. పొద్దున్న పిల్లలు నిద్రలో గొణిగినట్టున్నది ఇప్పుడు గట్టిపడింది. లోపల వేడెక్కితే ఈగలు రెక్కలతో విసురుకుంటాయి. సత్యవేణి తడి గోనెలు కప్పుతోంది, నీళ్లు చిలకరిస్తోంది.

మట్టిదారి మొదట్లో కూర్మారావు నన్ను ఆపేశాడు. నిరుడు వ్యాను దిగబడిన గాడి అక్కడే ఉంది.

“పెట్టిలు మోసేద్దావే.”

“పద్నాలుగు పెట్టిలు, రెండు మైళ్లు. మనం అక్కడికెళ్లేసరికి ఏటి మిగులుద్ది?”

“ఆ ఆరూ నా సేతుల మీదే పోనాయి సత్యేణీ. నువ్వప్పుడు లేవు. లోపల ఆ సప్పుడు… ఒక్కోటీ ఆగిపోయింది.”

ఈ మాట ఏడాదిగా అతను ఎవరితోనూ అన్నట్టు లేదు. ఆవిడ దిగి వచ్చి కిటికీ దగ్గర నిలబడింది. ఓదార్చలేదు, కసరలేదు. రెండు చక్రాల దగ్గరా వంగి బిళ్లలు తిప్పింది.

“ఇప్పుడు నేనున్నాను. ఒళ్లో పిల్ల పడుకున్నట్టు నడపండి. అంతే.”

పెద్ద గేరు మానేసి చిన్నదాంట్లో ఎక్కడం మొదలుపెట్టాం. మనిషి నడకకంటే నెమ్మది. ఎర్రమట్టి నా చక్రాలకింద జారుతూ ఉంది. సగం ఎక్కాక నా వెనక భాగం పక్కకు జారింది. గాడి అంచున మట్టి పెళ్ల విరిగి లోయవైపు పడింది. ఒక పెట్టెలో చట్రం టక్కుమంది. కూర్మారావు కాలు యాక్సిలేటరు మీద బిగుసుకుంది.

“తొక్కకండి!” వెనకనుంచి సత్యవేణి కేక. “దాన్ని కాలు ఆనించుకోనీండి!”

అతను కాలు సడలించాడు. దాచడమెందుకు, నాకూ భయం వేసింది. నా కుడి ముందు చక్రం తడుముకుని, తడుముకుని, మట్టిలో పాతుకుపోయిన ఒక రాయిని అందుకుంది. దాన్ని పట్టుకుని మిగిలిన మూడింటినీ లాక్కున్నాను. ఆ తరవాత అతను ఒక్కసారీ తొందరపడలేదు. మలుపు తిరిగేసరికి ఎదురుగా కొండవాలు మొత్తం పసుపు ఆరబోసినట్టుంది. వలిసె పూత.

పెట్టెలు దించి నీడలో వరసగా పెట్టారు. జాలీలు తీసేముందు సత్యవేణి మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పెట్టెకు చెవి ఆనించింది. వింటుంది, తల ఊపుతుంది, కూర్మారావు జాలీ తీస్తాడు, ఈగలు బిలబిలమంటూ పైకి లేస్తాయి. ఎనిమిది అలా అయ్యాయి. తొమ్మిదో దాని దగ్గర ఆవిడ తల ఊపలేదు. వేలి కణుపుతో మెల్లిగా తట్టింది. మళ్లీ విన్నది. కూర్మారావు అటు చూడలేక పూలవైపు తిరిగి నిలబడ్డాడు. ఆవిడే జాలీ తీసింది. గుమ్మంలో ఏమీ లేదు. కాసేపటికి ఒక ఈగ బయటికి వచ్చి, ఎండకు ఒక్క క్షణం ఆగి, పూలమీదికి వెళ్లింది. దాని వెనక రెండు. ఆ వెనక లెక్క తెలియనన్ని.

“ఇటు తిరగండి” అందావిడ.

మిగిలిన అయిదూ బతికే ఉన్నాయి. కూర్మారావు నేలమీద చతికిలబడి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ, ఆ తుడుచుకోవడం చాలాసేపు చేశాడు.

నేను ఒక పక్కన నిలబడి ఉన్నాను. ఇంజను ఆపేసినా ఒళ్లు కాలుతూనే ఉంది. చక్రాలనుంచి బురద ముద్దలుగా రాలుతోంది. సత్యవేణి చివరి జాలీ చేత్తో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి, కొంగు నాలుగు మడతలు వేసి నా బానెట్టు మీద పరిచి, వంగి, పెట్టెలకు ఆనించినట్టే చెవి ఆనించింది. వేడి ఇనుము చల్లారుతూ లోపల టిక్కు టిక్కుమంటోంది. పదహారేళ్లు పైబడిన నా బతుకులో నన్ను తన్ని చూసినవాళ్లు ఉన్నారు, విప్పి చూసినవాళ్లు ఉన్నారు. విన్నవాళ్లు లేరు.

“ఏటంటాదే?” అన్నాడు కూర్మారావు కూర్చున్నచోటునుంచే.

“అలిసిపోనాదట” అంది సత్యవేణి, తల ఎత్తకుండా. “కాసేపు కదపకండి.”