ఉల్లిపొర, చెంపపొర

భైంసాలో ఉల్లిగడ్డల వ్యాపారం చేసే అంబదాస్‌కు పని లేని ప్రయాణమంటే గిట్టదు. కరీంనగర్‌లో ఉన్న అన్న దశరథం ఇంటికి పోవాలన్నా ఏదో ఒక సాకు దొరికేదాకా ఆగుతాడు. ఈసారి సాకు తనంతట తనే వచ్చింది. కాలేజీలో సైన్సు ప్రదర్శన ఉందని, మంచి ఎర్ర ఉల్లిగడ్డలు నాలుగు కావాలని ప్రమోదిని కబురు పంపింది. అంబదాస్ సంచి నిండా ఏరి కట్టుకుని, నిర్మల్ మీదుగా పోయే బస్సెక్కాడు.

లోకానికి ప్రమోదిని దశరథం బిడ్డ. అసలు సంగతి ఇంట్లో పెద్దవాళ్లకే తెలుసు. ఆమె పాలు తాగే వయసులో అంబదాస్ భార్య జ్వరంతో పోయింది. సరుకు కోసం ఊళ్లు పట్టుకు తిరిగే మగవాడు పసిపిల్లను ఎట్లా సాదుతాడు? పిల్లలు లేని వదిన సక్కుబాయి ఒడి పట్టింది. పట్టిననాడే ఒక మాట కూడా తీసుకుంది: పిల్లకు ఎన్నడూ చెప్పొద్దు. అంబదాస్ నోటి మాటకు బజారులో ఎదురు లేదు. ఆ మాట ఇచ్చేశాడు. పిల్లకు తల్లి దొరికింది, వదినకు బిడ్డ దొరికింది, అతనికి ‘కాక’ అనే పిలుపు మిగిలింది. నష్టపోయానని అతను అనుకోలేదు. అనుకునే తీరిక లేకుండా పని పెంచుకున్నాడు.

ఇప్పుడామె పీయూసీ అయిపోవస్తోంది. ఎండాకాలం దాటితే డాక్టరు చదువుకు హైదరాబాదు పోతుంది. ఆ తర్వాత పెళ్లి, ఇంకో ఊరు, ఇంకో ఇల్లు. ఆ నోట తనను ‘బాపు’ అని పిలవడం ఒక్కసారి వింటే చాలునని దారి పొడుగునా అనిపించింది.

కాలేజీ గదిలో కిటికీ పక్కన బల్ల మీద సూక్ష్మదర్శిని పెట్టుకుని ప్రమోదిని నిలబడి ఉంది. ఉల్లిగడ్డ కోసి, ఊదారంగు పొరను గోటితో లేపి, గాజుముక్క మీద పరిచింది.

“ఒక కన్ను మూసి సూడు కాకా.”

“నేను సరుకు సూసేది ఒక కన్నుతోనే బిడ్డా. రెండోది అమ్మెటోని మొకం మీద ఉంటది.”

ఆమె నవ్వింది. అతను వంగి చూశాడు. ఇటుకలు పేర్చినట్టు చిన్న చిన్న గదులు, గది నిండా ఊదారంగు.

“గవే కణాలు. సుట్టూ గోడ, గోడకు లోపల ఆనుకుని సన్నటి పొర. గోడ దాదాపు దేన్నీ ఆపది. ఆపేది గా పొరనే. నీళ్లను రానిస్తది, పోనిస్తది. లోపలి రంగును మాత్రం వదలది.”

“నాకా కాడ సరుకు బండ్లను ఆపే జవాను లెక్కనా? లంచం తినడా?”

“బతికున్నంత సేపు తినది. ఉడకవెడితే పొర సస్తది. గప్పుడు రంగంత బయటవడ్తది.”

ఆమె అంచున ఉప్పునీటి చుక్క వేసింది. చూస్తుండగానే రంగు గోడను వదిలి నడిమికి ముడుచుకుపోయింది. గోడ ఉన్నచోటే ఉంది. మధ్యలో ఖాళీ.

“సచ్చిందా?” అన్నాడు అంబదాస్.

“లే. ఉప్పు నీళ్లను బయటికి గుంజింది, గంతే. జర ఆగు.” మంచినీళ్లు వేసింది. రంగు మెల్లమెల్లగా ఉబ్బి మళ్లీ గోడను తాకింది. తాకేదాకా అతను కన్ను తీయలేదు.

“మరి మనుషులకు?”

“మనకు గోడ ఉండది, పొర ఒక్కటే. ఉత్త నీళ్లల్ల ఏస్తే మన రక్తంల కణాలు ఉబ్బి పగులుతయి. గందుకే జర ఉప్పు కలిపిన నీళ్లు పెడ్తం. నోరు తెరువు.”

ఎడమచేత్తో అతని గదువ పట్టుకుని, మొండి పుల్లతో చెంప లోపల మెత్తగా గీకింది. పాకే వయసు దాటాక ఆ చెయ్యి అతని ముఖాన్ని తాకడం ఇదే మొదటిసారి. గీకినదాన్ని గాజు మీద పూసి, నీలిరంగు చుక్క వేసి చూపింది. చెల్లాచెదురుగా పలుచటి రేకులు, ఒక్కో రేకు నడుమ ఒక ముదురు చుక్క.

అప్పుడు అంబదాస్‌లోని వ్యాపారి కళ్లు తెరిచాడు. చెప్పనని మాట ఇచ్చింది తను. ఈ సూక్ష్మదర్శిని అద్దం ఇవ్వలేదు కదా. ఒకే రక్తం, పోలిక ఎక్కడికి పోతుంది? చదువుకున్న పిల్ల, పక్కపక్కన చూస్తే ఇట్టే పట్టేస్తుంది. మాటా దక్కుతుంది, బిడ్డా దక్కుతుంది.

“నీది గూడ తియ్యి బిడ్డా. రెండు పక్కపక్కన వెట్టి సూడు.”

ఆమె తన చెంప గీకుకుని అదే గాజు మీద రెండో అంచున పెట్టింది. ఇటు జరిపి, అటు జరిపి చాలాసేపు చూసింది. అంబదాస్ ఆమె ముఖాన్నే చూస్తున్నాడు.

“ఏం కనవడ్డది?”

“రెండు ఒక్కతీరుగ ఉన్నయి కాకా.”

“ఒక్కతీరుగనా?”

“ఆ. నిన్న మా అవ్వది తీసిన, బాపుది తీసిన, గీడి చప్రాసి మొండయ్యది తీసిన. అందరియి గిట్లనే ఉన్నయి. ఎవలు ఎవలో దీంట్ల తెల్వది.”

ఇక అద్దంతో పని కాదు. చెప్పాలంటే నోటితోనే చెప్పాలి. మాట నాలుక చివరకు వచ్చింది కూడా. సక్కుబాయిని మా అవ్వ అని, దశరథాన్ని బాపు అని ఆమె ఎంత తేలిగ్గా అన్నది! చెబితే తనకు దక్కేది ఒక పిలుపు. ఆమె చేతిలోంచి జారేవి ఆ రెండూ. ఎదుటివాడు మునిగే బేరం అతను ఎన్నడూ చేయలేదు.

“ఏమైంది కాకా?”

“ఏం లే. తంబాకు తింట గద, నా దాన్ల మరకలుంటయేమో అనుకున్న.”

“ఏం మరకల్లేవు. మంచిగనే ఉన్నయి నీయి.”

ఇంతలో బడిపిల్లలు గుంపుగా వచ్చారు. గాజు మీది తడి ఆరిపోతోంది, వచ్చిన ప్రతి గుంపుకూ మళ్లీ కొత్తగా తీయాలి. “జర గీడ కూసుంటవా కాకా? నీ బస్సుకు యాళ్లయితదేమో.”

“బస్సులు రేపు గూడ పోతయి,” అని అంబదాస్ స్టూలు లాక్కున్నాడు.

సాయంత్రందాకా కూర్చున్నాడు. గుంపు వచ్చినప్పుడల్లా ఆమె అతని గదువ పట్టుకుని, “ఈయిన మా కాక, భైంసా నుంచి వచ్చిండు” అని చెప్పి పుల్ల తీసుకునేది. అతను నోరు తెరిచేవాడు. పొద్దు వాలేసరికి చెంప లోపల మంట పుట్టింది.

“సాలు కాకా. ఎర్రగైంది. గీ గుంపుకు నాది తీస్త.”

అంబదాస్ ముఖం రెండో వైపు తిప్పాడు.

“గీ దిక్కు ఇంక ముట్టనే లేదు బిడ్డా,” అని నోరు తెరిచాడు.