అంచు మీది గీత

ఎనిమిది నెలలుగా నేను చెత్త ఏరుతున్నాను. మర్యాదగా చెప్పాలంటే, డిగ్రీ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం నియో నాజీల కరపత్రాలు సేకరిస్తున్నాను. కరెంటు స్తంభాలకు అంటించినవి, లైబ్రరీ పుస్తకాల మధ్య దూర్చినవి, మా వీధిలో ఇళ్ళ ముందరి పోస్టు డబ్బాల్లో పడేసినవి, అన్నీ కలిపి మూడు వందల పన్నెండు. ఒక్కోదానికి ఒక ప్లాస్టిక్ కవరు, నంబరు, దొరికిన చోటు, తేదీ. ప్రతిదాని మీదా నాజీల పాత గుర్తుకు రెండు కొమ్ములు విరిచి తయారుచేసుకున్న కొత్త గుర్తు, దాని కింద "వచ్చినవాళ్ళు వెళ్ళిపోవాలి" అనే రాత. వచ్చినవాళ్ళంటే మేమే. మా తాత ఒక్క పెట్టెతో సముద్రం దాటి ఈ ఊరొచ్చాడు, నాన్నా నేనూ ఇక్కడే పుట్టాం. ఎక్కడికి వెళ్ళాలో మాత్రం ఆ మహానుభావులు రాయలేదు.

"తినే బల్ల మీద ఆ దరిద్రం ఏంటే?" అని అమ్మ రోజూ మొదలుపెట్టేది. అమ్మ ఆస్పత్రిలో నర్సు. ఆవిడ దృష్టిలో అంటురోగాన్ని ఇంటికి మోసుకొచ్చేవాళ్ళకు బుద్ధి లేనట్టే.

"వాళ్ళ రాతలు చూడకుండా వాళ్ళ గురించి ఎలా రాయనమ్మా?"

"రాయకు. రాయమని ఎవరేడ్చారు?"

నిజానికి నా ఏడుపంతా నాలుగో అధ్యాయం గురించే. ఈ కాగితాలు ఎక్కడ అచ్చవుతున్నాయి? ఊరి పెద్దలను అడిగితే, బయటివాళ్ళెవరో తెచ్చి అంటిస్తున్నారు, మన ఊళ్ళో అలాంటివాళ్ళు లేరు పొమ్మన్నారు. కరపత్రం కింద అచ్చువేసినవాళ్ళ పేరు ఉండాలని చట్టం. వీటి కింద ఏ పేరూ లేదు. ఇవి ఈ ఊరివేనని నా గట్టి నమ్మకం. మా గైడు, మేం ఎర్రపెన్ను మేడమ్ అని పిలుచుకునే ఆవిడ, ఆ పేజీలన్నీ అడ్డంగా కొట్టేసింది. "నమ్మకాలు గుళ్ళో పెట్టుకో. నాకు ఆధారం కావాలి. సోమవారానికి లేకపోతే ఆ అధ్యాయం తీసెయ్" అంది.

శుక్రవారం సాయంత్రం ఫొటోలు తీద్దామని, పోస్టు డబ్బాల్లో దొరికిన జిగురంటని కాగితాలను కవర్లలోంచి తీసి బల్ల మీద పోశాను. అప్పుడే నాన్న పని నుంచి వచ్చాడు. ఆయన ఒక ప్రెస్సులో కాగితం కోసే మిషను మీద ఇరవయ్యారేళ్ళుగా పనిచేస్తున్నాడు. నేనెన్నాళ్ళుగా ఏం ఏరుతున్నానో తెలుసు గాని, కవర్లలో ఉన్నవాటిని ఏనాడూ ముట్టుకోలేదు. ఆ కుప్ప చూడగానే ఆయనకు ఒళ్ళు మండింది.

"కాగితాన్ని అలా కుప్ప పోస్తారటే ఎవరైనా?" అంటూ చెప్పులైనా విప్పకుండా వాటిని పోగుచేసి, గాలి పోయేలా విదిలించి, బల్లకు నాలుగు వైపులా తట్టి ఇటుకలా సర్దాడు. అలవాటు కొద్దీ అంచు మీద బొటనవేలు నడిపాడు. వేలు ఒకచోట ఆగింది. వెనక్కి నడిపాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"ఇది నా కత్తి" అన్నాడు.

ఆ మిషను కత్తి ఒక్క వేటుకు ఐదు వందల కాగితాలు కోస్తుంది. అంత గట్టి కత్తికి కూడా ఒక పిన్ను తగిలితే పన్ను పోయినట్టు అంచు చిట్లుతుంది. అప్పటినుంచి కోసిన ప్రతి కట్ట అంచు మీదా వెంట్రుకంత గీత పడుతుంది. ఒక్క కాగితంలో అది కనిపించదు. కట్టగా తడితేనే వేలికి తగులుతుంది. నేను ఆ కాగితాలను కొలిచాను, తూచాను, అక్షరాల తీరు గురించి పద్నాలుగు పేజీలు రాశాను. దేనికది కవరులో పెట్టి భద్రం చేసిన మేధావిని కదా, ఒక్కనాడూ వాటిని కట్టగా పట్టుకోలేదు.

నాన్న తన చిన్న నోటుబుక్కు తీశాడు. కత్తి ఎప్పుడు దెబ్బతిందో, పదునుకు ఎప్పుడు పంపాడో ఆయనే రాసుకుంటాడు. ఆ రెంటికీ మధ్య మూడు వారాలు. ఆ వారాల్లో ఏ రోజు ఏ కొలత కాగితం కోశాడో కూడా ఉంది. నా కరపత్రం కొలత నాలుగుసార్లు ఉంది.

"నువ్వు చూడలేదా నాన్నా?"

"బోర్లా వస్తాయి తల్లీ. కొలత చూస్తాను, కోస్తాను. వెనక్కి తిప్పి ఎప్పుడూ చూడలేదు."

మమ్మల్ని పొమ్మన్న కాగితాన్ని మా నాన్నే కోసిపెట్టాడు. అమ్మ గరిటెతోనే వంటింట్లోంచి వచ్చింది. "మరి నీ ఉద్యోగం?" అంది. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది.

"నేనిది రాయను" అన్నాను. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆ కాగితాలన్నీ తగలబెట్టెయ్యాలనిపించింది.

తెల్లారి నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ "పద" అన్నాడు.

ప్రెస్సు ఓనరు అద్దాల గదిలో ఉన్నాడు. చెడ్డవాడనడానికి నాకు నోరు రాదు. చిన్నప్పుడు నా నోటుపుస్తకాలకు కాగితమంతా ఆయనే ఇచ్చేవాడు. నాన్న కరపత్రం ఆయన ముందు పెట్టి "చదవండి సార్" అన్నాడు.

ఆయన దాని వంక చూడలేదు. "ఎవరో వచ్చారు, పేరు వెయ్యొద్దన్నారు, వేశాం. సబ్బు లేబుళ్ళు వేస్తాం, ఇవీ వేస్తాం. కాగితం కాగితమే కదయ్యా."

"మా అమ్మాయిని పొమ్మంటున్నారు సార్ ఇందులో."

"అబ్బే, మీ గురించి కాదు. నువ్వు వేరు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎలా వేరయ్యాం అంకుల్? ఎవరు పోవాలో, ఎవరు ఉండాలో లిస్టేమైనా మీ దగ్గరుందా?"

ఆయన నా వైపు తిరగనే లేదు. "పిల్లకి చెప్పు, బుద్ధిగా చదువుకోమని."

"అది చదువుతూనే ఉంది సార్. చదవనిది నేనే" అన్నాడు నాన్న.

ఓనరు చూపు నాన్న జేబులోని నోటుబుక్కు మీద పడింది. "అందులోది బయటికి పోతే నువ్వూ పోతావు" అన్నాడు మెల్లగా.

నాన్న మిషను దగ్గరికెళ్ళి మేకుకున్న ఏప్రన్ తీసుకొచ్చి, అంచులు కలిపి మడిచి బల్ల మీద పెట్టాడు. "కత్తి పదునుగానే ఉంది సార్. కొత్తవాడికి చెప్పండి, తిప్పి చూసుకుని కొయ్యమని." బయటికొచ్చాక నా భుజం పట్టుకుని నడిచాడు.

ఆదివారం అధ్యాయం రాయడానికి కూర్చున్నాను. మా విభాగంలో ఇలాంటి పరిశోధనకు ఒక పద్ధతుంది. సమాచారం ఇచ్చినవాళ్ళ పేరు రాయకూడదు, నంబరు వెయ్యాలి. వాళ్ళ క్షేమం కోసమే. "సమాచారదాత 7, ముద్రణాలయ కార్మికుడు" అని టైపు చేశాను.

"ఏడెవరు?" అన్నాడు నాన్న వెనక నుంచి.

"నువ్వే. పేరు రాస్తే నీకు ప్రమాదం."

"వాళ్ళ కాగితం కింద పేరుందా?"

"లేదు."

"మన కాగితం కిందా లేకపోతే ఇక తేడా ఏముందే?"

"పిచ్చా నీకు? ఇంటి మీదికొస్తే?" అని అరిచాను.

"పోస్టు డబ్బాలో వేసి వెళ్ళినవాళ్ళకి ఇల్లు తెలీదనుకున్నావా? నేను కోశాను. నేనే చెప్తున్నాను. పేరు రాయి."

సాయం కోసం అమ్మ వైపు చూశాను. మొదటినుంచీ వద్దన్నది ఆవిడే కదా. అమ్మ బల్ల తుడుస్తూ, తల కూడా ఎత్తకుండా, "ఇంటిపేరుతో సహా రాయవే. సగం సగం పనులు నాకు నచ్చవు" అంది.

మేడమ్‌కు ఫోన్ చేశాను. నాన్న పేరు రాయొచ్చా అని అడిగాను. "ఆయన సంతకం తీసుకో. ఎవరైనా అడిగితే ముందు నన్ను అడగమను" అని పెట్టేసింది. రాశాను. ఏడు చెరిపేసి, ఆ చోట మా నాన్న పూర్తి పేరు రాశాను.

సోమవారం పొద్దున కాలేజీ ఎదురుగా ఉన్న బైండింగు షాపుకు వెళ్ళాం. చివరిరోజు కావడంతో మా వెనక పదిమంది విద్యార్థులు నిలబడ్డారు. మిషను చూడగానే నాన్న చేతులు ఊరుకోలేదు. షాపువాణ్ణి బతిమాలి తనే దాని ముందు నిలబడ్డాడు. నా ప్రాజెక్టు కట్టను తట్టి, సర్ది, కత్తి కిందికి తోశాడు. రెండు చేతులతో రెండు బటన్లు ఒకేసారి నొక్కితే చాలు, కత్తి దిగుతుంది. నాన్న బటన్ల మీది చేతులు తీసేశాడు. కట్టను బయటికి లాగి, వెల్లకిలా తిప్పి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

"ఏంటి సార్, వెనక ఇంతమంది ఉన్నారు, త్వరగా కొయ్యండి" అన్నాడు షాపువాడు.

"చదివాక కోస్తాను" అని నాన్న మొదటి పేజీ తీశాడు.