లగ్గం అక్షరం, నివాళి అక్షరం

కోరుట్లలో నేను పనిచేసే డిజైనింగు షాపులో ఫాంట్లకు కంప్యూటర్ పెట్టిన పేర్లు ఎవరికీ గుర్తుండవు. ఏ పనికి వాడితే దానికి ఆ పేరు. మెలికలు తిరిగి, చివర్లలో తీగలు సాగేది లగ్గం అక్షరం, పెళ్లి కార్డులకు వాడేది. బండగా, దిట్టంగా ఉండేది లీడర్ అక్షరం, నాయకుల పుట్టినరోజులకు పనికొస్తుంది. నిలువుగా, పొడుగ్గా, ఒంటి మీద నగ లేనట్టు ఉండేది నివాళి అక్షరం, చనిపోయినవాళ్ల ఫొటో కింద వేసేది. ఇవి కాక సన్నక్షరం అని ఇంకోటుంది. అది చదివించడానికి కాదు, రాశామని చెప్పుకోవడానికి.

ఏ పోస్టరుకైనా రెండు ఫాంట్లు చాలు. ఒకటి దూరం నుంచి పిలవాలి, రెండోది దగ్గరికొచ్చాక మాట్లాడాలి. ఈ ముక్క ఆరేళ్లుగా వచ్చిన ప్రతి కస్టమరుకూ చెబుతున్నాను, విన్నవాడు లేడు. పెళ్లికొడుకు పేరుకు ఒకటి, పెళ్లికూతురుకు ఒకటి, అలిగిన మేనమామకు ప్రత్యేకంగా ఇంకోటి కావాలంటారు. సాయంత్రమయ్యేసరికి తెర మీద అక్షరాలన్నీ చీమల్లా పాకుతుంటాయి. కళ్లు మూసుకున్నా పోవు.

జగిత్యాల నుంచి గల్ఫ్ ఏజెంటు నర్సింగం వచ్చిన రోజు కూడా అలాగే అలసిపోయి ఉన్నాను. ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో మూడు వారాల పాటు తిప్పడానికి పోస్టర్లు కావాలన్నాడు. లీడర్ అక్షరం పెట్టమన్నాడు. వద్దన్నది నేనే. అది కనబడితే జనం ఓట్లడిగేవాడనుకుని పక్కకు తోసేస్తారు, లగ్గం అక్షరం పెడితే ఇంట్లో ఏదో శుభం జరగబోతున్నట్టు ఉంటుంది అని చెప్పాను. ఎవరూ అడగని తెలివి నాది. 'రెండేళ్ల పని, తిండి, రూము కంపెనీదే' అని లగ్గం అక్షరంలో, ఎరుపు మీద పసుపు రంగులో వేశాను. 'ప్రయాణం విజిట్ వీసా మీద' అన్న మాట అడుగున, బూడిద రంగు సన్నక్షరంలో పెట్టాను. అడుగుది ఇంకాస్త సన్నం చేయమన్నాడు నర్సింగం. చేశాను.

విజిట్ వీసా అంటే ఏమిటో తెలియని ఇల్లు మా వైపు లేదు. చుట్టపు చూపుకు పోయే కాగితం అది. దాని మీద పోయి పనిచేస్తే ఏ రోజైనా పోలీసులు పట్టుకోవచ్చు. పట్టుకుంటే ఈ మనిషెవరో మాకు తెలియదంటుంది కంపెనీ. అన్నీ తెలిసే వేశాను. ఆ రోజు నాకు బాధ కూడా కలగలేదు. పోస్టరు కుదిరిందని సంతోషపడ్డాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

వారమంతా కోరుట్లలో మా అమ్మ దగ్గర ఉండి, శనివారం సాయంత్రం సిరిసిల్ల బస్సెక్కుతాను. అక్కడ మా అత్త సత్యవ్వ, నా భర్త జితేందర్ ఉంటారు. జితేందర్ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసేవాడు. ఎండాకాలం నుంచి ఆర్డర్లు లేక షెడ్డు వారానికి రెండు రోజులు నడిస్తే గొప్ప. పగలంతా సాంచాల చప్పుడుతో మాట వినబడని మా వీధిలో ఇప్పుడు ఎవరింట్లో ఎవరు దగ్గినా తెలుస్తోంది. పని లేని మగవాళ్లు అరుగుల మీద కూర్చుని ఫోన్లు చూస్తుంటారు.

పోస్టర్లు తిరుగుతున్న రోజుల్లో ఒక ఆదివారం పొద్దున మా అత్త బీడీలు చుట్టడానికి నర్సక్క ఇంటికి పోయాక, జితేందర్ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, దుబాయి పోతున్నానని చెప్పాడు. శుక్రవారమే ప్రయాణం. షెడ్డులో తనతో పనిచేసే ముగ్గురు కూడా వస్తున్నారట, నలుగురి పాస్‌పోర్టులూ జగిత్యాలలో ఇచ్చేశారట. నాకు ముందు చెబితే ఏడుస్తానని చెప్పలేదట. ఆ తర్వాత ఫోను నా ముందు పెట్టాడు. అందులో నా ఎరుపు, నా పసుపు, నా తీగలు.

"గిది నువ్వు జేసిందే గదా," అన్నాడు. "కింద మీ షాపు పేరున్నది. పెండ్లి కార్డు లెక్క మంచిగున్నది. మాతోని అచ్చే కొమురయ్య అనుమానపడ్డడు గని, మా ఇంటామె జేసిన పోస్టర్ల అబద్ధం ఉండదని నేనే నచ్చజెప్పిన."

రెండు వేళ్లతో ఆ అడుగు భాగం పెద్దది చేసి చూపించాను. ఒకసారి చదివాడు, మళ్లీ చదివాడు.

"ఎరుకుండే జేసినవా?"

ఎరుకే అన్నాను. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. గ్లాసులో అడుగున మిగిలిన చాయ్ వాకిట్లో పారబోసి వచ్చాడు.

"నాకైతే నువ్వు జెప్పినవ్, నేను ఆగిపోత," అన్నాడు. "నా మాట మీద పాస్‌పోర్టులు ఇచ్చినోళ్లు ముగ్గురున్నరు. వాళ్లకెవలు జెప్తరు?"

ముగ్గురికీ ఫోన్లు చేశాడు. కొమురయ్య నవ్వాడు. పెళ్లాం కొంగు వదలలేక సాకులు చెబుతున్నావన్నాడు. రెండోవాడు, నీకు రావాలని లేకపోతే మా బతుకులకు ఎందుకు అడ్డం పడతావని కోప్పడ్డాడు. మూడోవాడు ఫోనే ఎత్తలేదు. ఆకలి మీదున్నవాడికి వడ్డించిన విస్తరి చూపించి, తినొద్దంటే వింటాడా? ఆ విస్తరి వడ్డించింది నేనే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నాకిప్పుడు కడుక్కోవడానికి నీళ్లు కూడా దొరకడం లేదు.

నాకు వచ్చిన విద్య ఒకటే కాబట్టి ఫోనులోనే పోస్టరు చేయడానికి కూర్చున్నాను. 'విజిట్ వీసా పనికి చెల్లదు. పాస్‌పోర్టులు వెనక్కి తెచ్చుకోండి' అని పెద్ద లగ్గం అక్షరంలో వేసి, జితేందర్ చేత షెడ్డు గ్రూపులో పెట్టించాను. అయిదు నిమిషాల్లో నలుగురు దండాలు పెట్టారు. ఒకరు కంగ్రాట్స్ అన్నారు. కొమురయ్య పూలగుత్తి బొమ్మ పంపాడు. ఎవరూ చదవలేదు. అక్షరం ఆకారం చూసి, ఎవరిదో శుభకార్యం అనుకుని మర్యాద చేశారు. నేను నర్సింగానికి నేర్పిన తెలివి నా మీదికే వచ్చింది.

మా వైపు జనం చివరి మాట దాకా చదివే పోస్టరు ఒక్కటే ఉంది. నివాళి అక్షరం కనబడితే చేతిలో పని ఆపేస్తారు. ఎవరు పోయారు, ఏ ఊరు, ఏ దేశంలో, శవం ఎప్పుడొస్తుంది, అంతా చదువుతారు. దుబాయిలోనో మస్కట్‌లోనో మనవాడు లేని ఇల్లు తక్కువ మరి. ఈ మాట పైకే అనేశాను. జితేందర్ విన్నాడు.

"నా ఫొటో పెట్టు," అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. బతికున్న మనిషి ఫొటో రెండు దీపాల మధ్య పెట్టడానికి నా చేతులు రావన్నాను.

"మరి ఎవల ఫొటో పెడ్తవ్? కొమురయ్యది పెడ్తవా?" అన్నాడు. "పోదాం పాండ్రి అన్నది నేనే గదా."

మా పెళ్లిలో తీసిన ఫొటో నుంచి అతన్ని ఒక్కడినే కత్తిరించి పెట్టాను. రెండు పక్కలా దీపాలు పెట్టాను. నివాళి అక్షరంలో పేరు, ఊరు. కింద మామూలు అక్షరంలో, సన్నది కాదు, దిట్టమైన దాంట్లో ఇలా రాశాను: 'ఇతను బతికే ఉన్నాడు. విజిట్ వీసా మీద పోతే ఇలా తిరిగొస్తాడు. శుక్రవారం మీరూ పోవద్దు.' రెండే ఫాంట్లు. నా ఆరేళ్ల పనిలో అంతకన్నా బాగా జత కుదిరింది లేదు.

గ్రూపులో పెట్టిన కాసేపటికే బయట బండి ఆగిన చప్పుడైంది. కొమురయ్య చెప్పుల్లేకుండా వచ్చాడు. కుర్చీలో కూర్చున్న జితేందర్‌ను చూసి, నోటికొచ్చిన బూతు తిట్టి, గడప మీద కూలబడి ఏడ్చాడు. మొత్తం చదివానన్నాడు, అయినా కళ్లతో చూస్తే గాని నమ్మకం కుదరలేదట. అక్కడి నుంచే మిగిలిన ఇద్దరికీ ఫోను చేశాడు. రేపు పొద్దున్నే నలుగురూ జగిత్యాల పోయి పాస్‌పోర్టులు తెచ్చుకోవాలని అనుకున్నారు. నాకు ఊపిరి తేలికైంది. ఎంత పాడు బుద్ధో చూడండి, ఆ తేలికలో పోస్టరు భలే కుదిరిందని మళ్లీ ఒకసారి అనుకున్నాను.

అప్పుడు మా అత్త వచ్చింది.

షెడ్డు గ్రూపులోంచి ఎవరో పంపితే నర్సక్క ఫోను చాప మీద తెరిచి ఉందట. అందులో కొడుకు ఫొటో, రెండు దీపాలు, నిలువు అక్షరాలు చూసిందట. నర్సక్క కూడబలుక్కుని చదివేలోపే లేచి వచ్చేసింది. సత్యవ్వకు ఓనమాలు రావు. కానీ ఆ ఆకారం ఏమిటో ఆమెకూ తెలుసు. తమ్ముడి కొడుకుది చూసింది, ఎదురింటాయనది చూసింది.

జితేందర్ లేచి, అది ఉత్తదే అవ్వా, అని ఏదో చెప్పబోయాడు. ఆమె అతని ముఖాన్ని రెండు చేతులా తడిమింది. తంబాకు చేతులు. అతను తుమ్మాడు. తుమ్మగానే ఆమె నేల మీద కూర్చుండిపోయింది. నేను నీళ్లు తెచ్చి ఇచ్చాను. తీసుకోలేదు.

"చదివేటోళ్లకు మంచిగ జేసినవ్ బిడ్డా," అంది. గొంతు పెంచలేదు. "నాకు చదువు రాదని నీకెరుకే గదా. నర్సక్క ఇంట్లకెల్లి గీడిదాంక నేను కొడుకు లేని దాన్నై అచ్చిన."

ఆమె కాళ్లు పట్టుకున్నాను. విడిపించుకోలేదు, నా తల మీద చెయ్యీ వేయలేదు. గ్రూపులోంచి పోస్టరు తీసేయమన్నాను, జితేందర్ తీసేశాడు. కానీ అప్పటికే అది ఎవరెవరికో చేరిపోయింది. మొదట గంభీరావుపేట నుంచి ఆమె చెల్లెలు ఏడుస్తూ ఫోను చేసింది. తర్వాత వేములవాడ నుంచి, వెల్గటూరు నుంచి. అందరూ ఆడవాళ్లే, అందరూ చదువు రానివాళ్లే. నేను ఫోను ఎత్తబోతే ఎత్తనివ్వలేదు. సాయంత్రం దాకా మా అత్తే ప్రతి ఫోనూ ఎత్తి, నా కొడుకు బతికే ఉన్నడు, నా కొడుకు బతికే ఉన్నడు అని ఒక్కొక్కరికీ చెబుతూ కూర్చుంది.