చదివినట్లు భావించి ఆమోదించడమైనది

మా పెళ్ళయి నలభై మూడు రోజులైంది. ఫొటోలు నూట పన్నెండు వచ్చాయి. వాటిలో మా అత్తయ్య కనిపించేవి తొమ్మిది. తొమ్మిదింటిలోనూ ఆవిడ చేతిలో కుర్చీ ఉంది. ఒకదాంట్లో రెండున్నాయి.

"కొడుకు పెళ్ళిలోనైనా ఓచోట కూర్చోవచ్చు కదా అత్తయ్యా" అన్నాను ఆల్బమ్ తిరగేస్తూ.

"కూర్చుందామనే తెచ్చుకున్నానమ్మా. ఇంతలో ఎవరో వచ్చి అందులో కూర్చున్నారు" అన్నారావిడ.

అత్తయ్యకి డెబ్భై నాలుగేళ్ళు. అందులో నలభై నాలుగేళ్ళు మా వీధి చివరి కాలనీ సంఘం హాలులో గడిచిపోయాయి. తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. పొద్దున్నే వ్యాయామం చేసే పెద్దవాళ్ళకి తలుపు తీస్తారు. పదింటికి కుట్టుపని క్లాసు, మధ్యాహ్నం ఉచిత వైద్యశిబిరం, సాయంత్రం పిల్లలకి లెక్కల ట్యూషను. జనం మరిచిపోయిన గొడుగులు ముప్పై ఒకటి ఒక పెట్టెలో ఉన్నాయి. ప్రతి గొడుక్కీ దొరికిన తేదీతో చీటీ కట్టి ఉంటుంది.

మా ఆయన ఆ హాల్లోనే పెరిగాడు. లేకలేక కలిగిన ఒక్కగానొక్క సంతానం కాబట్టి గారాబంగా పెంచారనుకున్నాను. గారాబమంటే స్టేజీ వెనక, బల్ల సొరుగులో దుప్పటి పరిచి పడుకోబెట్టడమట! ఆయన మాట్లాడిన మొదటి మాట 'అమ్మ' కూడా కాదట. 'హలో' అట, ఆ వెంటనే 'టెస్టింగ్' అట. నలభై కుర్చీలు మడిచి నాలుగు నిమిషాల్లో గోడకి చేర్చేస్తాడు. పెళ్ళయిన వారానికి నాకు చేసి చూపించాడు. నేను వాచీ పట్టుకుని చూసి, చప్పట్లు కొట్టాను. ఇంత పనిమంతుణ్ణి కట్టుకున్నానని రెండు రోజులు గాల్లో తేలాను.

హాల్లో నేను మొదట నేర్చుకున్నది ఒక వాక్యం: "అక్కయ్య లేకపోతే ఈ సంఘమే లేదు." ఎవరు ఆ మాటన్నా అత్తయ్య వెంటనే చీర కొంగు బిగించేవారు. ఎందుకో మొదట్లో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. ఆ మాట వెనకే ఒక పని వస్తుంది.

ఆ పనుల నుంచి బయటపడటానికి అత్తయ్య మూడుసార్లు రాజీనామా ఇచ్చారు. మా ఆయన కడుపులో ఉన్నప్పుడు ఒకటి, మామయ్య పోయినప్పుడు ఒకటి, కిందటేడు మోకాళ్ళు వాచినప్పుడు ఒకటి. మూడింటినీ సంఘం చప్పట్ల మధ్య ఏకగ్రీవంగా తిరస్కరించింది. దానికి కారణం పద్నాలుగో రూలు. హాలు బాధ్యత తీసుకున్నవారు జీవించి ఉన్నంతకాలం అందులో కొనసాగాలి. ఆ రూలు రాసింది కూడా అత్తయ్యే. పెద్దలు చెబుతుంటే, జ్వరంతో ఉండి, అందమైన చేతిరాతతో రాసుకున్నారు.

ఈసారి మాత్రం ఆవిడ పట్టు వేరు. మా ఆయన పెద్దమ్మ, అంటే అత్తయ్య అక్కయ్య, రెండు బస్సులు మారితే వచ్చే ఊళ్ళో ఉంటారు. డెబ్భై తొమ్మిదేళ్ళు. పదకొండేళ్ళుగా ఒక్క నెల వచ్చి ఉండమని అడుగుతున్నారు. మొన్న ఫోను చేశారు. ఆవిడ ఫోన్లో మాట్లాడితే వంటింట్లోకి కూడా వినిపిస్తుంది.

"ఒసేయ్ చిన్నదానా! కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమదాంట్లో నువ్వు పట్టేంత చోటుంది ఇంకా. డాక్టరు మూడు నెలలంటున్నాడు. ఎప్పుడొస్తావే?"

"వస్తానక్కా. తాళం ఎవరికైనా అప్పజెప్పి..."

"పదకొండేళ్ళ నుంచి అదే తాళం! ఏ కోటదే అది?"

అత్తయ్య ఫోను పెట్టేసి, కుళాయి విప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగారు.

నాలుగో రాజీనామా వస్తోందని సంఘానికి ఎలాగో తెలిసిపోయింది. మర్నాడే అధ్యక్షులవారు మా ఇంటికొచ్చారు. ఆయన్ని కాలనీలో అందరూ మైకుగారు అంటారు, ఎదురుగా తప్ప. మైకు ఆయన చేతికొస్తే మళ్ళీ స్టాండుకి చేరేది కరెంటు పోయినప్పుడే.

"అక్కయ్యా, నీకు సన్మానం చేద్దామని నిర్ణయించాం!"

"సన్మానం వద్దు తమ్ముడూ. తాళం తీసుకోండి, చాలు. మా అక్క కళ్ళు..."

"పద్నాలుగో రూలు ఉంది కదక్కయ్యా! అయినా నీలాగా ఎవరు చేస్తారు? నువ్వు లేకపోతే ఈ సంఘమే లేదు. సరే, ఆదివారం పొద్దున పదింటికి. ఓ ఎనభై కుర్చీలు వేయించు. టీ కూడా నీ చేతిదైతేనే జనం వస్తారు."

"సన్మానం ఎవరికండీ?" అన్నాడు మా ఆయన.

"మీ అమ్మకేరా! మళ్ళీ అడుగుతావేం?"

నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పారిపోయాను. వెనకే మా ఆయన కూడా వచ్చాడు. ఇద్దరం ఒకే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం. ఎంత బాగుందో. ముందుగదిలోకి తిరిగొచ్చేసరికి అత్తయ్య టీ పొడి జాబితా రాస్తున్నారు. మాకు నవ్వు ఆగిపోయింది.

బుధవారం సాయంత్రం సన్మానపత్రం మా ఇంటికే వచ్చింది. అచ్చుకి వెళ్ళే ప్రతి కాగితంలోనూ తప్పులు దిద్దేది అత్తయ్యే కదా! రాసినవారు కార్యదర్శి, ఫైళ్ళ బాబాయి. ముప్పై ఏళ్ళు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. కొత్తగా ఏదైనా రాయడమంటే ఆయనకి అపచారం. పాత కాగితం తీసి, పేరు మార్చి, పని కానిస్తారు. ఆయన దగ్గర వ్యక్తుల సేవ గురించి ఉన్న పాత కాగితం ఒక్కటే.

నేను గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "కార్యక్రమం. ఒకటి, రెండు నిమిషాల మౌనం. రెండు, జీవిత విశేషాలు. నిస్వార్థ సేవకు మారుపేరైన మన అక్కయ్య ఇక మన మధ్య లేరు. ఆవిడ మరణంతో..." ఆగిపోయాను. "అత్తయ్యా! మీరు పోయారని రాశారు!"

"ఊఁ. చదువు."

"నలభై రెండు సంవత్సరాల సేవలో..."

"నలభై నాలుగు" అని ఎర్ర పెన్నుతో దిద్దారు. "ఇంకా?"

"ఆయన చిరునవ్వు, ఆయన సైకిలు బెల్లు మన చెవుల్లో ఇంకా మోగుతూనే ఉన్నాయి."

అత్తయ్య ఎప్పుడూ సైకిలెక్కలేదు. ఆవిడ కాగితం నా చేతిలోంచి తీసుకుని, కళ్ళద్దాలు సర్దుకుని, ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయారు. మా ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఇది మీ మామయ్యకి చదివిన కాగితం" అన్నారు చివరికి. "ఆ రోజు నేనే కుర్చీలు వేశాను. వెనక టీ గ్లాసులు కడుగుతూ సగమే విన్నాను."

"ఇప్పుడే వెళ్ళి ఆ బాబాయిని కడిగేస్తాను" అంటూ మా ఆయన లేచాడు.

"కూర్చో." అత్తయ్య ఎర్ర పెన్నుకి మూత పెట్టారు. ఆవిడ మొహంలో ఓ వెలుగు కనిపించింది, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినప్పుడు మా హాస్టలు అమ్మాయిలకి వచ్చేలాంటిది. "సైకిలు మాట ఒక్కటే కొట్టేసి, మిగతాది ఇలాగే అచ్చు వేయించమను. కమిటీలో ఆమోదం మాత్రం తీసుకోమను. మినిట్స్ పుస్తకంలో ఎక్కించమను."

ఆ సంఘంలో ఏ కాగితమైనా కమిటీ ముందు చదివి వినిపించి, ఆమోదం పొందాలి. కానీ చదువుతూ కూర్చుంటే టీ చల్లారిపోతుంది. అందుకని నలభై ఏళ్ళుగా మినిట్స్ పుస్తకం నిండా ఒకటే వాక్యం: 'చదివినట్లు భావించి ఆమోదించడమైనది.' దాని కింద ఏడు సంతకాలు. ఆ రాత్రికల్లా అత్తయ్య మరణం కూడా చదివినట్లు భావించబడి, ఏడు సంతకాలతో ఆమోదం పొందింది.

ఆదివారం ఎనభై కుర్చీలు నేనూ మా ఆయనా వేశాం. తొమ్మిది నిమిషాలు పట్టింది, మధ్యలో ఓసారి వేళ్ళు తగిలి నవ్వుకున్నందువల్ల. అత్తయ్య టీ కాచి, మైకు సరిచూసి, స్టేజీ ఫ్యాను వేసి, వచ్చినవాళ్ళందరికీ గ్లాసులందించారు. పదింటికి మైకుగారు పిలిస్తే, తడి చేతులు తుడుచుకుంటూ స్టేజీ మీద కూర్చున్నారు. ఆ హాల్లో ఆవిడ కూర్చోగా చూడటం నాకు అదే మొదటిసారి.

"ముందుగా రెండు నిమిషాల మౌనం" అన్నారు మైకుగారు కార్డు చూసి.

అలవాటు కొద్దీ అందరూ లేచి తల దించారు. అత్తయ్య కూడా లేచి నిలబడ్డారు. మూడో వరసలో ఎవరో అలవాటు కొద్దీ కళ్ళు కూడా తుడుచుకున్నారు. తర్వాత ఫైళ్ళ బాబాయి గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు. తాను చదివేది తాను వినే అలవాటు ఆయనకి లేదు. "ఇక మన మధ్య లేరు... ఆవిడ మరణంతో సంఘంలో ఏర్పడిన ఖాళీని..."

"అయ్యో, ఎప్పుడు పోయిందే?" ముందు వరసలోంచి కుట్టుపని నేర్పే మామ్మ అరిచింది. "ఇందాకేగా నాకు టీ ఇచ్చి, పంచదార సరిపోయిందా అని అడిగింది!"

హాలు గొల్లుమంది. బాబాయి కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశారు. మైకుగారి చేతిలోంచి అత్తయ్య మైకు తీసుకున్నారు. కరెంటు ఉండగా అలా జరగడం సంఘం చరిత్రలో మొదటిసారని మా ఆయన నా చెవిలో చెప్పాడు.

"ఎవరూ నవ్వకండి. ఇది పొరపాటు కాదు, కమిటీ నిర్ణయం. బుధవారం తారీఖుతో మినిట్స్‌లో ఉంది. ఏడు సంతకాలు. నేను బతికే ఉన్నానంటే ఏడుగురు పెద్దమనుషులు అబద్ధమాడినట్టవుతుంది. అంతమాట నేననలేను."

"అక్కయ్యా, అది మేం చదవలేదు!" అనేసి మైకుగారు నాలిక కరుచుకున్నారు.

"చదివినట్లు భావించారు కదా తమ్ముడూ. నేను పోయినట్లు కూడా భావించండి. పద్నాలుగో రూలు ప్రకారం నా బాధ్యత తీరింది. ఖాళీ వస్తే అధ్యక్షులే చూసుకోవాలని పదిహేనో రూలు. అది కూడా నా చేతిరాతే."

మైకుగారు బిక్కమొహం వేసి హాలంతా వెతికారు. ఆయన చూపు నా మీద ఆగింది.

"ఇంకేం! కొత్త కోడలు ఉంది కదా! చదువుకున్న పిల్ల, చలాకీగా ఉంటుంది. ఈ అమ్మాయి లేకపోతే..."

ఎనభైమందీ నావైపు తిరిగి చిరునవ్వు నవ్వారు. అంతమంది ఒక్కసారిగా నవ్వితే ఎంత బాగుంటుందో మీకు తెలీదు. నేను నిజంగానే లేవబోయాను. మా ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకుని కిందకి లాగాడు.

"ఆ పిల్ల జోలికి రావద్దు" అన్నారు అత్తయ్య. మైకు లేకపోయినా వినిపించేది ఆ గొంతు. "దానికింకా నవ్వుకోవడమే పూర్తికాలేదు. వారసత్వం ఏ రూల్లోనూ లేదు."

మైకుగారి రెండు చేతుల్లోనూ ఫ్రేము కట్టిన సన్మానపత్రం ఉంది. ఇవ్వడానికి పట్టుకున్నది, అలాగే ఉండిపోయింది. అత్తయ్య నడుముకున్న తాళంచెవి తీసి, దాని తాడుని ఆయన బొటనవేలికి తగిలించారు. చేతులు ఖాళీ లేక ఆయన వద్దనలేకపోయారు. ముందుగా చప్పట్లు కొట్టింది కుట్టుపని మామ్మ.

మర్నాడు పొద్దున బస్టాండులో అత్తయ్యని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాం. ఆవిడ చేతిలో ఒక నల్ల గొడుగు ఉంది. పంతొమ్మిదేళ్ళుగా ఎవరూ అడగనిదట. "నలభై నాలుగేళ్ళకి నేను తీసుకున్నది ఇదొక్కటే" అంటూ సిగ్గుపడ్డారు. 'బయల్దేరాను' అని అక్కకి ఫోను చేస్తే, అవతలి నుంచి వచ్చిన కేకకి డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

అంతలో నా ఫోను మోగింది. మైకుగారు.

"అమ్మాయీ, మీ అత్తయ్య ఫోను తీయడం లేదు. స్టేజీ ఫ్యాను స్విచ్చి ఎక్కడుందో ఒక్కసారి అడుగు తల్లీ. జనం వచ్చేశారు, అందరూ చెమటలు కక్కుతున్నారు!"

కిటికీలోకి చూసి అడిగాను. అత్తయ్య కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది. వేలు గాల్లోనే ఏదో స్విచ్చి నొక్కబోయింది. ఆవిడ దాన్ని చూసి, ఎడమచేత్తో పట్టుకుని, ఒళ్ళోకి దించుకున్నారు.

"రెండు నిమిషాలు మౌనం పాటించమను" అన్నారు.

బస్సు కదిలింది. నేను ఫోను చెవికి ఆనించుకుని, ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాను. మా ఆయన వాచీ చూస్తూ లెక్కపెట్టాడు. బస్సు మలుపు తిరిగి కనబడకుండా పోయింది. నిమిషం నలభై సెకన్లకి, అవతల కుట్టుపని మామ్మ గొంతు "ఇదిగో, ఇక్కడుందయ్యా!" అని అరవడం వినిపించింది.